కటింగ్ ఆర్డర్ లేని కోత

కోతలు కోయడంలో నాకు ఎడపల్లి నుంచి మోస్రా దాకా పేరుంది. మా చెరుకు రసం తాగిన ఎద్దు బోధన్ బస్సును గుంజుకుపోయిందని చెప్పినా జనం కూర్చుని విన్నారు. ఇది మాత్రం జరిగిన ముచ్చట. అందుకే ఎవ్వడూ నమ్మలేదు.

ఎడపల్లిలో మా అక్కకు కొంచెం చెరుకుంది. బావ పోయినంక ఆ తోటే ఆమెకు ఆధారం. మా దిక్కు చెరుకు వేసినోడు తన గడను తన ఇష్టానికి కోసుకోలేడు. చక్కెర ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇవ్వాలి. అంతకుముందే కోస్తే తీసుకోరు. కోసిన గడ పడి ఉంటే ఎండి తేలికైపోతుంది. అందుకని అక్క ఆర్డర్ కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నది.

ఒకనాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "తమ్మీ, తోట నడిమిట్ల రోడ్డు పడ్డదిర."

పోయి చూస్తే నిజంగానే రోడ్డు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎడ్లబండి పట్టేంత వెడల్పున చెరుకు నరికి పక్కకు పడేసిండ్రు. నడుమ నల్లటి వైరు. భూమిలోకి కరెంటు పంపి కింద ఏ ఖనిజం ఉందో చూసేవాళ్ల పని. టోపీ పెట్టుకున్న వాళ్ల సారు చాలా మర్యాదగా చెప్పాడు.

"బోరు వేయలేదమ్మా, గుంత కూడా తవ్వలేదు. భూమికి నష్టమే లేదు. ఇలాంటి చిన్న సర్వేకు ఇప్పుడు పర్మిషన్లు అక్కర్లేదు. ఆఫీసుకు తెలియజేస్తే చాలు."

"ఆఫీసుకు చెరుకున్నదా బిడ్డా?" అన్నది అక్క.

నాకు నెత్తి మండింది. ఫైళ్లు తగ్గించండి, ఎవరొద్దన్నారు? రాయిని పరీక్షించడానికి ఏళ్లకేళ్లు సంతకాల కోసం తిరగడం నాకూ తిక్కపనిగానే కనిపిస్తుంది. కానీ నరికేది మా తోట, కబురు పోయేది పట్నంలోని ఆఫీసుకా? మా దగ్గర పక్క పొలమోడు గడ్డికి వచ్చినా గట్టు మీద నిలబడి కేకేసి వస్తాడు. ఆ కేకకు ఏ ఫైలూ అక్కర్లేదు.

నరికిన గడనన్న తీసుకుంటరేమోనని, ఆ సారును సాక్ష్యానికి నా జీపులో ఎక్కించుకొని ఫ్యాక్టరీ వాళ్ల దగ్గరికి తీసుకుపోయిన. "ఆర్డర్ లేకుండ ఎట్ల కోసిండ్రు?" అన్నడు అక్కడి మనిషి. మేం కోయలేదన్నా వినలేదు. పందులు కోసినయా అని ఎగతాళి చేసిండు. నా పేరు ఆయనకూ తెలుసు గద, నేను మరో కథ అల్లుతున్న అనుకున్నడు. వరుస వచ్చేదాకా ఆగమన్నడు.

బయటికొచ్చినంక సారు "సొంత చెరుకు కోసుకోవడానికి కూడా పర్మిషనా? ఎంత అన్యాయం!" అన్నాడు. నవ్వాలో నాలుగు తిట్టాలో తోచలేదు.

"అన్యాయమే సార్. మీరే నయం, ఏ ఆర్డర్ లేకుండ కోసి చూపెట్టిండ్రు" అన్న.

నరికిన గడ ఎండలో పడి ఎండుతూనే ఉంది. పందులేమో ఆ కొత్త తొవ్వ పట్టుకొని తోట లోపలికి దర్జాగా వచ్చినయి. మంత్రుల లెక్క ఎర్రబుగ్గ కారొక్కటే తక్కువ! అంతలో సారు మనుషులు మిగిలిన తోటలో రెండో లైను వేయడానికి కత్తులు పట్టుకొని దిగిండ్రు. అక్క పోయి వాళ్ల వైరు చుట్ట మీద కూర్చున్నది.

"లేవమ్మా, పని ఆగిపోతుంది" అన్నాడు సారు.

"కూసోనీకె పర్మిషన్ కావాల్నా, తెలియజేస్తె చాల్నా?"

సారు ఎవరికో ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. తర్వాత తన మనుషులను పిలిచి, లైనును గట్టు మీదికి తిప్పమన్నాడు.

"గట్టు మీద వేస్తె మీ లెక్క తప్పదా సార్?" అని అడిగిన.

"పెద్ద తేడా ఏమీ రాదు" అన్నాడు.

అక్క లేచి, ఎండిన గడ ఒకటి తీసి అతని ముందు పట్టుకుంది. "గట్లయితె గివెందుకు నరికిండ్రు?"

సారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అక్క ఆ గడలన్నీ మోపులు కట్టి, బర్లకు వేయడానికి ఇంటికి మోసుకుపోయింది.