వెనకనుంచి మూడు అంకెలు

నళినిది రాయకోట. ఏటా ఆగస్టులో ఒక పరిశోధన సంస్థ తరఫున సూళగిరి పక్కనున్న మా బడికి వస్తుంది. విన్నదాన్ని పిల్లలు బుర్రలో నిలుపుకొని ఎంత తిప్పగలరో కొలవడం ఆమె పని. ఆమె అంకెలు చదువుతుంది, పిల్లలు వెనకనుంచి చెప్పాలి. ఏడు, రెండు, తొమ్మిది అంటే తొమ్మిది, రెండు, ఏడు. అవే పిల్లల్ని అయిదేళ్లపాటు. వయసుతో ఆ శక్తి ఎట్లా పెరుగుతుందో చూస్తారట.

"బుర్రకు తక్కెడ పెట్టినారేమ్మా!" అని ఎగతాళి చేసేవాణ్ణి. తెలుగు పంతుల్ని కదా, పిల్లల బుర్రలు నాకు తెలుసునన్న పొగరు.

నళిని వెంట్రుకవాసి తేడాకూ ఒప్పుకోదు. అంకెకూ అంకెకూ నడుమ ఒక్క సెకను. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఆమె ముఖం కదలదు. చివర అందరికీ ఒకే మాట, "బాగా చేసినావు." అది వాళ్ల నియమం.

గొర్రెలు కాసే కేశవప్ప కూతురు చైత్ర తొమ్మిదో ఏట నాలుగు అంకెలు తిప్పింది. పదకొండో ఏట ఆరు! ఆ రోజు నళిని నియమం మరిచి నవ్వేసింది. "ఈ బిడ్డను వదలొద్దు సార్," అంది బస్సెక్కుతూ.

ఆ తరువాతి వేసవిలో చైత్ర తల్లికి నడుము పడిపోయింది. ఆమె బదులు పిల్ల రోజాలు పెంచే షెడ్డుకు కూలికి పోసాగింది. తెల్లారకముందే పూలు కోసి, కట్టలు కట్టి, పురుగుల మందు వాసనతో బడికొచ్చి బల్లమీద నిద్రపోయేది. నేను హాజరు వేసి ఊరుకున్నాను. తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఆగస్టులో చైత్ర మూడు అంకెల దగ్గరే ఆగిపోయింది. నాలుగు అంకెలకు పెదాలు కదిపింది గానీ మాట రాలేదు.

"బాగా చేసినావు," అంది నళిని.

"లేదక్కా. పోయినేడు ఆరు చెప్పినాను. అది మాత్రం గుర్తుంది."

నళిని కాగితం అంచున రాసింది: తెల్లారకముందే షెడ్డులో పని, నిద్ర లేదు. వారానికి, మిగిలిన పిల్లల కోసం ఆమె మళ్లీ బడికొచ్చిన రోజు, ఆమె పై అధికారి ఉపేంద్ర ఫోన్ చేశాడు.

"వయసు పెరిగితే అంకె తగ్గదమ్మా. కొలత తప్పయింది. ఆ పేరు కొట్టేసినాం."

"తగ్గింది సార్! నేను కొలిచినాను," అని నా ముందే అరిచింది నళిని. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

మొన్న ఆగస్టులో కొత్త జాబితాతో వచ్చింది. అందులో చైత్ర లేదు.

"బడిలోనన్నా ఉందా సార్?"

జూన్‌లోనే హాజరు పట్టీలో ఆ పేరు నేనే కొట్టేశాను.