మైసయ్యను చంపిన దరఖాస్తు

మేడ్చల్ మండలాఫీసు గేటు పక్కన, జిరాక్సు దుకాణం ముందర బల్ల వేసుకుని పరమేశ్ ఇరవై ఏళ్ళు అర్జీలు రాశాడు. ఇంటర్ దాకా చదివిన మనిషి, ఇంగ్లీషు కూడా చదివితే అర్థమయ్యేది. పింఛను కావాలన్నా, పాసుబుక్కులో పేరు తప్పు పడ్డా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఎవరికి రాసినా మొదటి వాక్యం ఒకటే: ‘అయ్యా, నేను కడు నిరుపేదను, దిక్కులేనివాడను.’ బావి ఉన్నవాడికీ అదే, నాలుగు బర్రెలున్నవాడికీ అదే. “అడగందే అమ్మయినా పెట్టదు, ఏడవందే ఆఫీసరు పెట్టడు” అనేవాడు. అందులో తప్పుందని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు.

రావల్కోల్ సత్తమ్మ 2003 ఎండాకాలంలో ఆ బల్ల దగ్గరికి వచ్చింది. నాట్లకూ కంపెనీలకూ పోయే తల్లుల పిల్లలను ఇరవై ఆరుగురిని, ఊరి మహిళా సంఘం తరఫున పొద్దంతా సాకేది ఆమె. కుత్బుల్లాపూర్‌లో కంపెనీ మూతపడి ఇంటికి చేరిన భర్త మైసయ్య ఆ పిల్లలకు జావ కాసేవాడు. మగోడికి ఇదేం పని అని ఊళ్ళో నవ్వారు. అతను గంటె తిప్పుతూ తనూ నవ్వేవాడు. ఇదంతా జరిగేది జనార్ధన్ పటేలు వాడకుండా వదిలేసిన పశువుల కొట్టంలో.

“అన్నా, పటేలు కొట్టం కూలగొట్టి ప్లాట్లు జేస్తడట. వానలు పడేలోపల పిల్లలు కూసునేటందుకు ఒక్క అర్ర కావాలె. పట్నంల సంస్థలు గిట్లాంటియాటికి సాయం జేస్తయట గద, జర రాసిపెట్టు” అంది సత్తమ్మ.

పరమేశ్ తన అలవాటు ప్రకారం రెండు పేజీల ఏడుపు రాసి మూడు సంస్థలకు పంపాడు. రెండు పలకలేదు. మూడో దాని నుంచి ఒక కార్డు వచ్చింది: ‘మీ కష్టం తెలిసింది. మీరేం చేస్తారో తెలియలేదు.’ చదివి పరమేశ్‌కు ఒళ్ళు మండింది. ఆ కార్డు బల్ల సొరుగులో పడేశాడు.

అప్పుడు తగిలాడు భానుతేజ. కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ దారిలో కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాడు. స్వచ్ఛంద సంస్థలకు దరఖాస్తులు రాసిపెట్టడమే అతని వృత్తి. చొక్కా నలగదు, మాట తడబడదు.

“చూడండి పరమేశ్ గారూ, ఇచ్చేవాళ్ళ దగ్గరికి రోజూ వంద దరఖాస్తులు వస్తాయి. పేదరికం అందరిదీ ఒకేలా ఉంటుందండీ. ఒక్క మనిషిని చూపించాలి, ఒక్క కథ చెప్పాలి. చదివినవాడు మర్చిపోకూడదు” అన్నాడు.

మాట నిజమే. ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదు అని పరమేశ్ సిగ్గుపడ్డాడు కూడా.

సత్తమ్మ సంగతంతా చెప్పాడు. వారం తర్వాత, ఢిల్లీలోని ఒక సంస్థ పేర ఇంగ్లీషులో టైపు చేసిన దరఖాస్తు చేతికి వచ్చింది. సత్తమ్మతో సంతకం పెట్టించే పని పరమేశ్‌ది. రావల్కోల్ బస్సులో కూర్చుని చదివాడు. రెండో పేజీలో మైసయ్య చచ్చిపోయి ఉన్నాడు. ఫ్యాక్టరీ పొగకు ఊపిరితిత్తులు పాడై, భార్య ఒళ్ళో తలపెట్టి ప్రాణం వదిలాడు. ఆ దుఃఖం దిగమింగి ఆ వితంతువు ఊరి పిల్లలకు తల్లయింది. పరమేశ్ ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నిన్న సాయంత్రమే ఆ చచ్చినవాడితో కలిసి చాయ్ తాగాడు.

బస్సు దిగి టెలిఫోన్ డబ్బా నుంచి భానుతేజకు ఫోన్ చేశాడు. “సార్, మైసయ్య బతికే ఉన్నడు గద!”

“కాగితం మీదే కదండీ! ఢిల్లీ నుంచి ఎవరొచ్చి చూస్తారు? ఆవిడకి గది కావాలా వద్దా?”

గది కావాలి. ఆ ఒక్క మాట పట్టుకుని పరమేశ్ నోరు మూసుకున్నాడు. సత్తమ్మ ఏమీ అడగలేదు, అన్న తెచ్చిన కాగితం కదా. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, అన్నం కలుపుకునేటప్పుడు కూడా, ఆ వేలంటే ఆయనకు రోత పుట్టేది.

కానీ చూసిపోవడానికి ఆ సంస్థ మేడం ఢిల్లీ నుంచి రానే వచ్చింది. ఆమె కన్నా గంట ముందే భానుతేజ దిగాడు.

“అమ్మా సత్తమ్మా, ఈ పూటకి ఆ పుస్తెలు, మెట్టెలు తీసి లోపల పెట్టండి. బొట్టు కూడా. మైసయ్యని సాయంత్రం దాకా తుర్కపల్లి వైపు పంపించెయ్యండి” అన్నాడు, గడప తడిపి ముగ్గు పెట్టమన్నంత తేలిగ్గా.

సత్తమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె భానుతేజను చూడలేదు, పరమేశ్‌ను చూసింది.

“అన్నా, నువ్వు సదివినవా అది?”

“సదివిన.”

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెంగు భుజాన సర్దుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. మైసయ్య ఎక్కడికీ పోలేదు. పొయ్యి దగ్గరే ఉన్నాడు.

మేడం కొట్టమంతా చూసి, జావ వడ్డిస్తున్న మైసయ్య దగ్గర ఆగి, ఈయన ఎవరు అని ఇంగ్లీషులో అడిగింది. భానుతేజ తెలుగులో అడిగాడు.

“నా పెనిమిటి” అంది సత్తమ్మ, పుస్తెలు రెండూ పైకే వేసుకుని.

“ఆమె మరిది, మేడం” అని భానుతేజ ఇంగ్లీషులో చెప్పాడు.

పరమేశ్ ఇక ఆగలేకపోయాడు. వచ్చీరాని ఇంగ్లీషులో గట్టిగా అన్నాడు: “హస్బెండ్ మేడం. అలైవ్.”

మేడం కాగితం చూసింది, మైసయ్యను చూసింది, కారెక్కింది. దరఖాస్తులో అబద్ధం ఉన్నందున తిరస్కరించామని పది రోజులకు ఉత్తరం వచ్చింది. మృగశిర వెళ్ళిన మర్నాడే పటేలు కొట్టం నేలమట్టం చేశాడు. ఆ వానాకాలమంతా ఇరవై ఆరుగురు పిల్లలు మైసయ్య ఇంటి వసారాలో, జల్లు కొడితే గోడకు అతుక్కుని కూర్చున్నారు. ఆ తడి గోడను చూసినప్పుడల్లా పరమేశ్‌కు తన ముఖం మీద తనకే ఉమ్మాలనిపించేది.

ఒకరోజు సొరుగులోంచి ఆ పాత కార్డు తీసుకుని సత్తమ్మ దగ్గరికి వెళ్ళాడు. “చెల్లె, ఈసారి నువ్వు జెప్పు. నేను రాస్త. ఒక్కో లైను సదివి ఇనిపిస్త.”

అలవాటు చెయ్యి ‘దిక్కులేని’ అని మొదలుపెట్టింది. చదివి వినిపించగానే సత్తమ్మ ఆపింది. “ఎవ్వరికి దిక్కులేదు? ఇంతమంది తల్లులం లేమా? కొట్టెయ్.”

కొట్టేశాడు. ఒక్క పేజీలో అయిపోయింది. తల్లులు ఏ వేళకు పనికి పోతారో, ఏ వేళకు వస్తారో. ఆరేళ్ళుగా పిల్లలను ఎలా సాకుతున్నారో. జాగా సంఘానిదే, మట్టిపని ఊరివాళ్ళదే, గోడలకూ రేకులకూ మాత్రమే సాయం కావాలని. ఏ రోజైనా చెప్పకుండా వచ్చి చూడొచ్చని. చివరికి సత్తమ్మ పట్టుబట్టి రాయించిన మాట: జావ కాసేది నా భర్త మైసయ్య.

కార్డు రాసిన సంస్థకే పంపారు. వాళ్ళ మనిషి నిజంగానే చెప్పకుండా వచ్చాడు. జావ తాగి, పిల్లలను లెక్కపెట్టుకుని పోయాడు. మరుసటి ఎండాకాలానికి గది లేచింది.

గది తెరిచిన రోజు, పిలవకుండానే భానుతేజ వచ్చాడు. పరమేశ్‌ను పక్కకు లాగాడు.

“ఆ సంస్థవాళ్ళు ఎవరికీ ఇవ్వరండీ! ఏం కిటుకు వాడారు?”

“ఏం లేదు సార్. సచ్చినోళ్ళు ఎవ్వరు లేరు అందుల.”

భానుతేజ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. “నిజాయితీ... అవునండీ, ఈ మధ్య అదే బాగా పోతోంది. ఆ కాపీ ఒకటి ఇవ్వండి. పేర్లు మార్చి ఇంకో ఐదు సంస్థలకి పెట్టేద్దాం.”

పురుగు పాకినట్టయింది పరమేశ్‌కు. పొయ్యి వైపు తిరిగి కేకేశాడు. “మైసయ్య బావా, ఇటు రా! కాగితంల నిన్ను సంపింది గీ సారే.”

మైసయ్య గంటె పట్టుకునే వచ్చాడు. భానుతేజ ఒక అడుగు వెనక్కి వేశాడు. మైసయ్య అతన్ని కిందికీ పైకీ చూసి, పిల్లల గిన్నె ఒకటి తెచ్చి నిండా జావ పోసి చేతిలో పెట్టాడు.

“తాగు సార్. సచ్చినోని చేతి జావ, మంచిగుంటది.”

పిల్లలు నవ్వారు. భానుతేజ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, తాగలేదు. మైసయ్య ఇంకో గిన్నె నింపి పరమేశ్ ముందు పెట్టాడు. సత్తమ్మ చూస్తోంది. పరమేశ్ గిన్నె ఎత్తి అడుగు దాకా తాగాడు.