నేను పరిష్కరించిన అర్జీ

మా నాయన సర్కారాఫీసులో జవానుగా పనిచేసిన కాలంలో ప్రభుత్వమంటే ఎదురుగా కూర్చున్న ఒక మనిషి. బతిమాలుకోవచ్చు, బయటికొచ్చి తిట్టుకోవచ్చు. నా ఉద్యోగం నాటికి ఆ మనిషి పోయి రంగు మిగిలింది. ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి, జమ్మలమడుగు అవతల ఒక మండలాఫీసులో ఏజెన్సీ ద్వారా కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. (ఆఫీసు సర్కారుది, కుర్చీ సర్కారుది, నేను మాత్రం ఏజెన్సీవాణ్ని.) జనం ఇచ్చిన అర్జీ గడువు దాటితే తెర మీద ఎర్రబడుతుంది, ముగిస్తే పచ్చబడుతుంది. ఎక్కువ పచ్చగా ఉన్న మండలానికి మంచి పేరు. పొలాలు ఎండిపోయిన ఏడు కూడా మా మండలం పచ్చగానే ఉండేది. అదంతా నా చేతి చలవేనని తెగ మురిసిపోయేవాణ్ని.

ఒకరోజు ఒక తాత వచ్చాడు. ఊరికీ ఆయన ఇంటికీ మధ్య వంక ఉంది. "ముసల్దానికి ఆయాసం నాయనా. వానొస్తే వంక దాటల్యాం. రెండు సిమెంటు గొట్టాలేసి మట్టి తోలితే అంబులెన్సు ఇంటికాడికి వస్తాది" అన్నాడు. శ్రద్ధగా ఎక్కించాను. గడువుకు ముందురోజు మా సారు నా వెనక నిలబడి, "అది ఎర్రగయితే నాకు ఫోనొస్తాదప్పా. వేరే శాఖకు పంపి ముగించెయ్" అన్నాడు. పంపాను. ఆ శాఖ దాన్నేం చేసిందో నేను చూడలేదు. నా తెర పచ్చబడింది.

వారానికి తాత ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. "పైనుంచి ఫోను చేసినారు నాయనా. ఆయమ్మ శానా మర్యాదగా మాట్లాడింది. ముసల్దాని సంగతంతా చెప్పినా, అడ్డం రాకుండా ఇనింది."

"ఆఖరికి ఏమనింది తాతా?"

"తృప్తిగా ఉంటే ఒకటి నొక్కమనింది. అంత మర్యాదగా అడిగితే కాదంటామా? నొక్కినా."

అది రికార్డు చేసిన గొంతని చెప్పలేకపోయాను. ఆయన వెళ్లాక పగలబడి నవ్వాను. సారుకు చెబితే ఆయనా నవ్వి సమోసాలు తెప్పించాడు. ఒకటి నొక్కాక ఆ అర్జీని మళ్లీ తెరవడానికి వీల్లేదు.

హస్త కార్తెలో వాన పట్టింది. అవ్వకు ఆయాసం ఎక్కువై మంచం మీద మోసుకొచ్చారు. వంకకు ఈ గట్టున అంబులెన్సు, ఆ గట్టున మంచం. నీళ్లు తగ్గేసరికి అవ్వ లేదు.

మరణ ధ్రువపత్రం కోసం తాత మా ఆఫీసుకే వచ్చాడు. పావుగంటలో చేతికిచ్చాను. "బిరీన ఇచ్చినావు నాయనా" అన్నాడు, ఎత్తిపొడుపేమీ లేకుండా. ఇక ఉండలేక చెప్పేశాను. "తాతా, ఆ ఫోనులో మాట్లాడింది మనిషి కాదు, రికార్డు. నీ అర్జీని ముగించింది నేనే."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నేను చెప్తాంటే ఒక్కతూరి గూడా ఊ కొట్టలేదు. అప్పుడే అనుకోవాల్సింది" అన్నాడు. తర్వాత, "మళ్లా రాయప్పా. వంకకవతల ఇంకా నాలుగిండ్లుండాయి" అన్నాడు.

ఈసారి నా పేరుతో, నా ఫోను నంబరుతో రాశాను. ముగించమని సారు ఎన్నిసార్లు చెప్పినా ముగించలేదు. ఆ ఎరుపు చూసి పైవాళ్లు సారును తిట్టారు, సారు నన్ను తిట్టాడు, ఏజెన్సీ నన్ను తీసేసింది. (నాకు తెలిసి ఆ ఆఫీసులో నేను సొంతంగా చేసిన పని అదొక్కటే.) ఆ తర్వాత ముగించారని ఫోనొచ్చిన ప్రతిసారీ తృప్తి లేదనే నొక్కాను. ఆ పోరు పడలేకనో ఏమో, మరుసటి ఎండాకాలం గొట్టాలు వేశారు.

ఇప్పుడు పులివెందులలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. అటువైపు పోయినప్పుడు వంక దగ్గర బండి దిగి, తోసుకుంటూ దాటుతాను. "పెట్రోలు అయిపోయిందా సారూ?" అని వెనక వచ్చేవాళ్లు అడుగుతారు. "లేదప్పా, మోకాళ్లు పట్టేసినాయి" అంటాను. బండి మీద కూర్చుంటే పట్టేసే మోకాళ్లు నడిస్తే ఎట్లా వదులుతాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.