రేపటికి బండి కావాలి

తెల్లారుతూనే కారు కింద నీళ్ల మడుగు కనబడేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకున్నాను. మర్నాడు నా భార్యను డయాలసిస్‌కు టెక్కలి తీసుకెళ్లాలి. రోజు విడిచి రోజు వెళ్లాల్సిందే, వాయిదా వేసే సంగతి కాదు. వెళ్లేటప్పుడు ఆటోలో ఎలాగో కూర్చుంటుంది గాని, వచ్చేటప్పుడు వల్ల కాదు. మిషన్ మీంచి లేచాక తల నిలబెట్టలేదు, కుదుపు కుదుపుకీ వాంతి. ఒకసారి షేర్ ఆటోలో అలాగే తెచ్చాను. ఆ తర్వాతే ఈ పాత కారు కొన్నాను.

మెకానిక్‌కు ఫోన్ చేశాను. వాటర్ పంపు పోయుంటుంది, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్టే కనుక రెండూ కలిపి మార్చాలి, బండి షెడ్డులో వదిలి వారం ఆగండి అన్నాడు. వారం ఆగమనేవాడి మీద ఒకప్పుడు నాకు ఒళ్లు మండేది. ఆ రోజు సరేనని ఫోన్ పెట్టేశాను.

నా బావమరిది భావనపాడులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. సంగతి చెబితే బైకు మీద వెళ్లి కొత్త పంపు, బెల్టు కొనుక్కుని, పానాల సంచితో పొద్దెక్కేసరికి మా వాకిట్లో దిగాడు. నా భార్య నాకు మేనమామ కూతురు. అందుకని అక్కా తమ్ముడూ ఇద్దరూ నన్ను బావా అనే పిలుస్తారు.

అతనికి పడవ ఇంజను కొట్టినపిండి. కారు బెల్టు మాత్రం ఇద్దరికీ కొత్తే. ఫోన్లో వీడియో పెట్టుకుని మొదలెట్టాం. జాకీ పెట్టి ఎత్తి, చక్రం ఊడదీసి, పుల్లీ బోల్టు దగ్గర ఆగిపోయాం. ఉలకదు, పలకదు. చివరికి పానాకు ఇనప పైపు తొడిగి ఇద్దరం వేలాడితే లొంగింది. మామూలుగా ఇలాంటప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు ఒక్క తిట్టూ రాలేదు. ఆమెకు జబ్బు బయటపడినప్పటి నుంచి నాకు ఏదీ గట్టిగా రావడం లేదు, కోపమైనా సరే.

ఆమె అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తోంది. "అవుతాదా బావా?" అని అడిగింది. అవుతుందన్నాను.

పాత బెల్టు తీసే ముందు పళ్ల చక్రాలు ఏ వరసలో ఉన్నాయో గుర్తులు పెట్టుకోవాలి. ఆ వరస తప్పితే ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి కొట్టుకుని మొత్తానికే మోసం వస్తుంది. రంగు కోసం వెతుకుతుంటే ఆమె లోపలికెళ్లి గోళ్లరంగు సీసా తెచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి క్లిప్పు పెడతారు. రంగుంటే అది సరిగ్గా చూపించదని వేసుకోవడం మానేసింది. మూత బిగుసుకుపోయింది. వేడినీళ్లలో ముంచి తిప్పాను. చక్రాల మీద ఎర్రటి చుక్కలు పెట్టి సీసా తిరిగి ఇవ్వబోతే, పానాల సంచిలో పడేయమంది.

పంపు ఊడివచ్చింది. నీళ్లను తోసే రెక్కలుండాల్సిన చోట తుప్పు పెచ్చులున్నాయి. ఇన్నాళ్లూ రేడియేటర్లో ఏం పోశావని బావమరిది అడిగాడు. బోరు నీళ్లన్నాను. అతను పంపును నేలకేసి తట్టి పెచ్చులు రాల్చాడు. మా ఉద్దానంలో మనుషులు బోరు నీళ్లు తాగడం మానేసి చాన్నాళ్లయింది. ఇంటింటా ఈ కిడ్నీల జబ్బుకు కారణం నీళ్లేనా, ఇంకేదైనానా అన్నది ఎవరూ తేల్చలేదు. ఎవరెవరో వచ్చి పరీక్షలకని సీసాల్లో పట్టుకెళ్తారు, అంతే. మేం టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నాం. కారుకు నోరు లేదు కదా, దానికి బోరు నీళ్లే పోస్తూ వచ్చాను.

"దానికీ అయ్యే పోసినావేటి!" అని ఆమె పకపకా నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. సంతోషం కలగాలి, కలగలేదు. పంపు కూర్చునే చోట అంటుకున్న పాత గాస్కెట్‌ను బ్లేడుతో గీకుతూ ఉండిపోయాను.

కొత్త పంపు బిగించి కొత్త బెల్టు ఎక్కించాం. తాళం తిప్పే ముందు ఇంజన్ను పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పి, గుర్తులు కలిశాయో లేదో చూసుకోవాలి. తిప్పి చూస్తే ఒక పన్ను తేడా వచ్చింది. ఒక్క పన్నే కదా, నడిచిపోతుందన్నాడు బావమరిది. మీ అక్కను ఎక్కించుకున్నాక దారిలో ఆగిపోతే నువ్వు మోసుకెళ్తావా అని పొడిగా అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని మళ్లీ విప్పాడు. భోజనం వేళ దాటిపోయింది. ఆమె ఇంకోసారి అడిగింది, ఇవాళే అవుతుందా అని.

"అవుతాది, బెంగెట్టుకోకు" అన్నాను.

పొద్దు వాలేవేళకు అన్నీ బిగించి, కూలెంటులో టిన్ను నీళ్లు కలిపి పోసి తాళం తిప్పాను. మొదటిసారి గుర్రుమని ఊరుకుంది. రెండోసారి అందుకుంది. కిందికి వంగి చూస్తే చుక్క కారడం లేదు. బావమరిది చేతులు కడుక్కుని, టీ తాగి, నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

ఇంజన్ వేడెక్కుతుందేమోనని నేను ముల్లు చూస్తూ కార్లోనే కూర్చున్నాను. ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"అయిపోనాదా?"

"అయిపోనాది."

"నాను అవదనుకున్నాను బావా."

నా పనితనం మీద ఎంత నమ్మకమో అన్నాను.

"అది కాదు. రేపొక్కరోజు ఎల్లక్కర్నేదేమో అనుకున్నాను."

పొద్దున్నుంచీ భయపడి అడుగుతోందనుకున్నాను. ధైర్యం చెబుతున్నాననుకుని, ఆమె ఆశ మీద నేనే నీళ్లు చల్లుతూ వచ్చాను. ఆ మాటకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. ముల్లు సగం దగ్గర నిలబడింది, అంటే పంపు బాగానే పనిచేస్తోంది.

ఇంజన్ ఆపేశాను. రేపు ఎన్నింటికి లేవాలని అడిగింది. ఎప్పుడూ లేచే వేళకే అన్నాను. సరేనని దిగి, సూదులు గుచ్చడానికి వీలుగా కుట్టించుకున్న వదులు చేతుల జాకెట్టు ఆరిందో లేదో చూసుకోవడానికి దండెం దగ్గరికి వెళ్లింది.