సుందరరావుకి కోపమొచ్చింది, చాప పరవండి

సుందరరావుకి కోపం వస్తే పడుకుంటాడు. ఎక్కడ వస్తే అక్కడే. అందుకని చంకలో ఎప్పుడూ ఓ చుట్టిన చాప ఉండేది. ఎవరైనా తిట్టారా, పళ్ళు నూరడు, మాటకు మాట అనడు. చాప దులిపి పరిచి, చెప్పులు తలకింద పెట్టుకుని, గురక మొదలెడతాడు. తిట్టినవాడు ఆ గురకని తిట్టలేక, ఆయన్ని దాటి వెళ్ళనూ లేక, నోరు తెరుచుకుని నిలబడిపోతాడు.

దురాశ పుట్టినా అదే మందు. ఒకసారి కువైట్‌లో సూక్ అనే బజార్లో, బంగారు గొలుసులు వేలాడే అద్దం ముందు, ఫుట్‌పాత్ మీదే పడుకున్నాడు. పోలీసు వచ్చి లేపితే, ఆ గొలుసుల మీద మనసు పడ్డానండీ అని నిజం చెప్పేసరికి ఆ పోలీసుకి ఏ కేసు రాయాలో తోచలేదు.

"వాక్యంలో ఉందబ్బాయ్," అనేవాడు తనతో పనిచేసే కుర్రాడు టిమోతితో. "కోపమొచ్చినప్పుడు పాపానికి పోకుండా, పడక మీద ఆలోచించుకుని ఊరుకోమన్నాడు దేవుడు. పడక దగ్గర లేకపోతే ఎలాగ మరి?"

పాస్టరుగారు దాని అర్థం అది కాదని రెండు ఆదివారాలు విప్పి చెప్పారు. సుందరరావు శ్రద్ధగా విని, అర్థం మీ దగ్గర ఉంచుకోండి, చాప నా దగ్గర ఉంటుందన్నాడు.

టిమోతిదీ ఆయనదీ రాజోలు పక్క. కువైట్ శివారు సబ్హాన్‌లో ఫ్రిజ్‌లూ టీవీలూ దాచే గోడౌన్‌లో ఇద్దరికీ పని, దాని వెనకే ఒక్క గదిలో కాపురం. బాబాయ్ అని పిలిచేవాడు గానీ టిమోతికి కోపం ముక్కు మీదే కాదు, మోచేతుల మీద కూడా ఉండేది. విచిత్రమేమిటంటే, అతని చెయ్యి లేవబోయే ప్రతిసారీ సుందరరావుకే ముందు కోపం వచ్చేది. చాప సరిగ్గా మధ్యలో పడేది.

లేచాక కల చెప్పేవాడు. అసలు మజా అదే. ప్రార్థన కూటంలో హార్మోనియం ఎవరింట్లో ఉండాలని ఇద్దరు పెద్దలు చొక్కాలు పట్టుకున్నప్పుడు, ఆయన పడుకుని లేచి, గోదావరి సబ్హాన్ మీదుగా పారిందన్నాడు. గోడౌన్ల మధ్య నీళ్ళు మెల్లగా పొంగాయట. హార్మోనియమే పడవై తేలిందట. పెద్దలిద్దరూ చెరో మెట్టు పట్టుకుని తెడ్డు వేస్తుంటే, అది తనంతట తనే పాట పాడుకుంటూ పోయిందట. ఆ పెద్దలకి ఒడ్డు ఎప్పుడొచ్చిందో తెలుసుకోవాలనిపించింది. కొట్టుకోవడం మర్చిపోయారు.

ఇంతలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఊరంతా కోపమే, ఊరంతా ఆశే. రొట్టె దగ్గర కోపం, తాళం పగిలిన కొట్టు దగ్గర ఆశ. సుందరరావుకి పడుకోవడానికి పగలు చాలేది కాదు. వీళ్ళని పనికి తెప్పించుకున్న కఫీల్ కుటుంబంతో సహా సరిహద్దు దాటిపోయాడు. వీళ్ళ పాస్‌పోర్టులు అతని బీరువాలోనే ఉండిపోయాయి. టిమోతికి ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

ఓ మధ్యాహ్నం కడప నరసింహులు పికప్ తెచ్చి షట్టర్ ముందు ఆపాడు. టిమోతి షట్టర్ లాగే ఇనుప కొక్కెం పట్టుకుని బయల్దేరాడు. రెండు వీసీఆర్‌లు, ఓ టీవీ ఎక్కించాలని. మన బతుకులు బీరువాలో పెట్టి పారిపోయినవాడి సరుకు తీసుకుంటే పాపమేమిటని అతని వాదం.

"నిజమేరా," అన్నాడు సుందరరావు. "నాకూ భలే ఆశ పుట్టింది." అని షట్టర్ గుమ్మానికి అడ్డంగా చాప పరిచాడు.

టిమోతి బతిమాలాడు. తర్వాత చాప కొస పట్టుకుని లాగాడు. చాప చిరిగింది గానీ మనిషి కదల్లేదు. గురక హెచ్చింది. నరసింహులు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు. "మీ బాబాయ్ లేసేలోపల నా ఇఖామా కాగితం గడువే అయిపోతాది సామీ," అని బండి తిప్పుకుని పోయాడు.

ఆ దుమ్ము అణగకముందే సైనికులు వచ్చారు. పక్క గోడౌన్లో సామాను మోస్తూ దొరికినవాళ్ళని చేతులు కట్టి లారీ ఎక్కించారు. వాళ్ళ కేకలు ఇక్కడిదాకా వినిపించాయి. సైనికులు ఇటు తిరిగారు. మూసిన షట్టరు, ముందు పడుకున్న మనిషి. ఒకడు బూటుతో సుందరరావు డొక్కలో తన్నాడు.

టిమోతి కళ్ళకి లోకం ఎర్రబడింది. కొక్కెం మీద పిడికిలి బిగిసింది. ఇంకో క్షణంలో ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. తుపాకులు అటూ, ఇనపముక్క ఇటూ.

చాప మీంచి ఓ చెయ్యి అతని చీలమండ పట్టుకుంది.

"నాకు కోపమొచ్చిందిరా," అన్నాడు సుందరరావు, కళ్ళు తెరవకుండానే. "నువ్వు పడుకో."

టిమోతి పడుకున్నాడు. ఎందుకు పడుకున్నాడో అతనికే తెలీదు. కొక్కెం పక్కకి దొర్లింది. సైనికులు ఇద్దర్నీ వంగి చూసి, మజ్నూన్ అని నవ్వుకుని, పిచ్చివాళ్ళతో మనకెందుకని నడిచిపోయారు. తర్వాత ఓ రోజు గోడౌన్ మొత్తం వాళ్ళే ఊడ్చుకుపోయారనుకోండి, అది వేరే సంగతి.

ఎండ రేకుల మీంచి జారిపోతోంది. చాప వెడల్పు ఒక్కడికే గనక భుజాలు ఆనుకున్నాయి. అప్పుడు తెలిసింది టిమోతికి, బాబాయ్ గుండె తనకంటే గట్టిగా కొట్టుకుంటోందని.

"నువ్వు నిద్రపోలేదా బాబాయ్?"

"కోపంలో నిద్రెవడికి పడుతుందిరా?"

"మరి గురక?"

"గురక పెడితే ఎవడూ మాట్లాడించడు."

"ఇన్నేళ్ళూ?"

సుందరరావు చిరిగిన చాప కొస సర్దాడు. "నా కోపాలు ఏడాదికి ఒకటో రెండోనబ్బాయ్. మిగతావన్నీ నీవే. నువ్వు పడుకోవు కదా, నీ బదులు నేను పడుకున్నాను."

టిమోతి ఏడుపొస్తుందేమోనని భయపడ్డాడు. నవ్వొచ్చింది. కలలు కూడా అబద్ధమేనా అని అడిగాడు. కుట్టినవేనని, మనిషిని చూసి కొలతలు తీసేవాణ్ణని సుందరరావు ఒప్పుకున్నాడు.

"అయితే నాకొకటి కుట్టు. వాళ్ళింకా వీధి చివరే ఉన్నారు."

సుందరరావు సన్నగా మొదలెట్టాడు. ఇసక మెత్తబడి ఒండ్రుమట్టి అయిందట. ట్యాంకుల మీద గుమ్మడి తీగలు పాకాయట. రాజోలు రేవులో మీ అమ్మ నిలబడి ఉందట, నువ్వు ఉత్త చేతులతో పడవ దిగుతున్నావట, ఆవిడ నీ చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుని...

ఇక్కడ గురక వినిపించింది. సుందరరావు ఆగి, పక్కకి తిరిగి చూశాడు. సైన్యం వచ్చినప్పట్నుంచీ కంటిమీద కునుకు లేనివాడు నిజంగానే నిద్రపోయాడు. ఆ తల్లి ఏమందో వినడానికి మనిషి లేక, సుందరరావు చాప మీద తన సగం కూడా వాడికి వదిలేసి నేల మీదకి జరిగాడు.