ఫోల్డరు మారినా నడవాలి

మొన్న జ్వరానికి ఇంజెక్షన్ చేయించుకుంటుంటే, నర్సు దూదితో చేతికి రాసిన స్పిరిటు వాసన నన్ను బ్రాడీపేటలోని ఒక ఇరుకు మెట్ల దగ్గర నిలబెట్టింది. కింద క్లినిక్కు, పైన మా ఆఫీసు. రోజూ ఆ వాసనలోంచే పైకెక్కేవాళ్ళం. నలుగురం పనిచేసే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మస్తాన్ గారిది. నా మొదటి ఉద్యోగం అక్కడే. మనిషి పొట్టి, గొంతు మెత్తన. తప్పు చేసినవాళ్ళను తన గదిలోకి పిలిచేవారు కాదు. తన కుర్చీ తనే ఎత్తుకొచ్చి వాళ్ళ పక్కన వేసుకునేవారు.

చేరిన ఆరో నెలలో ఒక కోల్డ్ స్టోరేజీకి వెబ్ అప్లికేషన్ రాసే పని నాకు అప్పగించారు. రైతులు ఇంటి దగ్గరే ఫోనులో టోకెన్ తీసుకుని, తమ వంతు వచ్చే వేళకు మిర్చి బస్తాలు తోలుకురావాలి. అంతవరకు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఎండలో పడిగాపులు పడేవి. మా నాన్నా ఆ వరసలో ఏటా నిలబడే రైతే. అందుకే ఆ పని పట్టుదలగా చేశాను. మా ఆఫీసులో చూసుకున్నప్పుడు అంతా చక్కగా నడిచింది.

కోల్డ్ స్టోరేజీవాళ్ళ సర్వరు మీద పెట్టాక మొదటి పేజీ మాత్రం వచ్చింది. టోకెన్ బటన్ నొక్కితే 'పేజీ దొరకలేదు'. ఏది నొక్కినా అదే. ఆ సర్వరులో వాళ్ళ పాత వెబ్‌సైటు ముందే ఉంది. మా అప్లికేషన్‌ను దాని లోపల 'మిర్చి' అనే ఫోల్డరులో పెట్టారు. నేనేమో సర్వరులో మాదొక్కటే ఉంటుందనుకుని ప్రతి లింకునూ ఫోల్డరు పేరు లేకుండా, సర్వరు మొదటి గడప నుంచే రాశాను. దాంతో బటన్ నొక్కితే సర్వరు మా పేజీల కోసం పాత వెబ్‌సైటులో వెతుకుతోంది. "సోమవారం నడవకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామండి" అన్నాడు యజమాని ఫోనులో. ఆ రోజు శుక్రవారం.

"అన్ని లింకుల ముందూ 'మిర్చి' అని తగిలించేస్తాను సార్. గంటలో అయిపోద్ది" అన్నాను.

మస్తాన్ గారు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. "రేపు వాళ్ళు ఫోల్డరు పేరు మారిస్తే?"

"మళ్ళీ మారుస్తాను."

"ఎన్నిసార్లమ్మా? మీ వీధికి పేరు మార్చారనుకో. మీ హాల్లోంచి వంటగదికి పోయే దారి మారుద్దా?"

అప్పుడు వెలిగింది నాకు. శనివారం, ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. అప్లికేషన్ తాను ఏ ఫోల్డరులో ఉన్నదీ సర్వరునే అడిగి తెలుసుకునేలా ఒకే ఒక్కచోట రాసి, లింకులన్నీ అక్కడి నుంచే దారి కట్టుకునేలా మార్చాను. ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. నేను విసుక్కున్నప్పుడు టీ తెప్పించారు, అంతే.

సోమవారం ఉదయం మేం వెళ్ళేసరికి, అక్కడ కంప్యూటర్లు చూసుకునే అతను తాపీగా చెప్పాడు. "మేడమ్, 'మిర్చి' అన్న పేరు బాలేదన్నారు ఓనరు గారు. పేరు మార్చి ఇంకో ఫోల్డర్లో పెట్టా. కొత్త అడ్రసు గేటు మీద అంటించా." గేటు దగ్గర రైతులు అప్పటికే ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో మా నాన్న. మస్తాన్ గారి వైపు చూశాను.

"నొక్కమను" అన్నారు.

నాన్న నొక్కాడు. క్షణంపాటు తెర తెల్లగా ఉండిపోయింది. తర్వాత టోకెన్ వచ్చింది, వేళతో సహా. "పదకొండింటికంట. ఈలోపు ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు" అన్నాడు పక్కనున్న రైతుతో. ఒకరి తర్వాత ఒకరికి అందరి ఫోన్లలోనూ వచ్చాయి. మేం ఒక్క అక్షరం మార్చలేదు. యజమాని వచ్చి చెయ్యి కలపబోతే మస్తాన్ గారు పక్కకు జరిగారు. "నాకు కాదండీ. రాసింది ఈ అమ్మాయి. అదుగో, వాళ్ళ నాన్నగారు." నాన్న తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

మస్తాన్ గారు పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు మంగళగిరిలో పన్నెండు మందితో పని చేయిస్తున్నాను. ఎవరైనా "అయిపోయింది మేడమ్" అంటే, దాన్ని వేరే పేరున్న ఫోల్డరులో పెట్టి చూపించమంటాను. నడిచిన రోజు, కస్టమరు ఎదుట నోరు తెరవగానే రాసినవాళ్ళ పేరు చెప్తాను. అప్పుడు వాళ్ళ ముఖం చూడాలి. దానికోసమే నేను ఆ మీటింగులకు వెళ్తాను.