గిటారు సాకెట్టు, మామయ్య బావమరిది

నిన్న మా పాప ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోన్ తీగను పట్టి గుంజితే సాకెట్టు వదులై వార్తలు గరగరమంటూ ఆగిపోయాయి. ఆ తీగ మెడకు చుట్టుకుని ఉంటే ఏమయ్యేదోనన్న దడ ఇంకా తగ్గలేదు. అయినా పాప నిద్రపోయాక ఇది రాయడానికి కూర్చున్నది ఆ దడవల్ల కాదు, ఆ గరగర వినగానే పాత కోపం లేచినందువల్ల.

పెళ్లికి ముందు, డిగ్రీ చదివే రోజుల్లో, మా మేనమామ నడిపే ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేదాన్ని. పెళ్లిళ్లకూ గణపతి మండపాలకూ అప్పట్లో ఆర్కెస్ట్రా లేనిదే కళ లేదని మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. శేరిలింగంపల్లిలో ఒక పెళ్లిలో, పాట మంచి ఊపులో ఉండగా నా గిటారు గరగరమని మూగబోయింది. కుర్రకారు ఈలలు వేశారు. మామయ్య నా మెడలోంచి గిటారు లాగేసి, మైకులో వినబడేలా, "ఆడివిల్ల చేతికిస్తె గిట్లనే అయితది" అన్నాడు. పందిరంతా నవ్వింది.

మర్నాడు, యాంప్లిఫయరు తీగ గుచ్చే గిటారు సాకెట్టు విప్పి చూశాను. నట్టు వదులైనప్పుడల్లా మామయ్య బావమరిది ప్లయరుతో బయటినుంచే బిగించేవాడు. లోపల సాకెట్టును వేలితో ఆపి పట్టకపోతే నట్టుతోపాటు అదీ తిరిగి, వెనక తీగలు మెలిపడి అతుకు దగ్గర తెగిపోతాయి. అదే జరిగింది. తీగకు టంకం పెట్టి, ప్లగ్గును కరిచి పట్టే రేకును వంచి బిగువు చేసి, సంగతంతా మామయ్యకు చెప్పాను. ఆయన అంతా విని, నేను బాగుచేసిన గిటారును ఆ బావమరిదికే ఇచ్చాడు. "నువ్వు కోరస్ పాడుకో బిడ్డా, పరేషాన్ గాకు" అన్నాడు.

పాడాను, మైకులో అన్న ఆ మాట మనసులో పెట్టుకునే పాడాను. రాయదుర్గంలో, బండరాళ్ళ మధ్య వేసిన పెళ్లిపందిట్లో, మొదటి పాటకు ముందు బావమరిది ప్లయరు తీశాడు. నట్టుతోపాటు సాకెట్టూ తిరుగుతోంది. ఒక్క మాటంటే ఆగేవాడు. అనలేదు, అందుకు ఈనాటికీ విచారం లేదు. పల్లవి దాటకముందే గిటారు చచ్చింది. మామయ్య చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి, "జర చూడు బిడ్డా, ఇజ్జత్ పోతది" అన్నాడు.

"ఆడివిల్ల చెయ్యి పెడితె ఖరాబైతది కద మామా!" అని మైకు దగ్గరే అన్నాను, గిటారు ముట్టుకోలేదు. ఈసారి పందిరి ఆయన్ని చూసి నవ్వింది. ఆ పూట భోజనంలో డబుల్ కా మీఠా రెండుసార్లు వడ్డించుకున్నాను.

మళ్ళీ ఆయన పిలవలేదు, నేను అడగలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో టేపురికార్డరు పెట్టేస్తున్నారు, ఆర్కెస్ట్రా మూతపడింది. మామయ్య అప్పుడప్పుడు వచ్చి పాపను ఎత్తుకుంటాడు, చాయ్ తాగుతాడు, ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడతాడు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన నా వేళ్ళ కొసలు ఎప్పుడో మెత్తబడ్డాయి. పసిపిల్లను నిమిరే చేతులు ఇలాగే ఉండాలని అత్తగారు మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ గరుకు వేళ్ళే కావాలనిపిస్తుంది.